నిద్రపోవడానికి కట్టిన కాలనీ నడిబొడ్డయితే

హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు (కేపీహెచ్‌బీ) కాలనీలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి వెళ్లే దారి ఒకసారి లెక్కపెట్టండి. ముందు అమీర్‌పేట వైపు రైలెక్కాలి. కూకట్‌పల్లి, బాలానగర్, మూసాపేట, భరత్‌నగర్, ఎర్రగడ్డ, ఈఎస్‌ఐ ఆసుపత్రి, ఎస్.ఆర్.నగర్, అమీర్‌పేట. ఎనిమిదో స్టేషన్‌లో దిగి రైలు మారాలి. ఆ తర్వాత మధురానగర్, యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 5, చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి, మాదాపూర్, దుర్గం చెరువు, హైటెక్ సిటీ. ఇవీ ఎనిమిదే. నేల మీద చూస్తే బయల్దేరిన చోటికీ చేరిన చోటికీ మధ్య అయిదారు కిలోమీటర్లు మించి లేదు. చెయ్యి తల వెనక నుంచి తిప్పి ముక్కు పట్టుకున్నట్టుంటుంది ఈ ప్రయాణం.

పోనీ రోడ్డు మీద వెళ్దామంటే జేఎన్‌టీయూ చౌరస్తా, మాల్ మలుపు, మలేసియన్ టౌన్‌షిప్, రైలు పట్టాల మీది వంతెన, సైబర్ టవర్స్. ఉదయం తొమ్మిదిన్నరకు ఆ దారిలో బండి నడిపిన వాళ్లు దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం మరిచిపోతారు. నిమిషాల్లోనే చెబుతారు.

ఇంత దగ్గరున్న రెండు చోట్లు ఎందుకింత దూరమయ్యాయి? ఈ ముడి విప్పుతూ పోతే దారి మెట్రో దగ్గర ఆగదు. ఇంటి ముందు మ్యాన్‌హోల్ దాకా, చెరువు అలుగు దాకా, హాస్టల్ గదిలో మూడో మంచం దాకా పోతుంది. కిక్కిరిసిన ఒక నడిబొడ్డును అక్కడి జనాన్ని కదపకుండా ఎలా బాగుచేయాలన్న ప్రశ్న దగ్గర తేలుతుంది.

పట్టాలు ఏరు లాంటివి

సికింద్రాబాద్ నుంచి వాడి వైపు వెళ్లే రైలు మార్గం భరత్‌నగర్, బోరబండ, హైటెక్ సిటీ, హఫీజ్‌పేట మీదుగా సాగుతుంది. 2003 ఆగస్టు నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు తిరిగేది దీని మీదే. ఈ పట్టాలకు ఉత్తరాన కూకట్‌పల్లి, దక్షిణాన మాదాపూర్, హైటెక్ సిటీ. నగరానికి సంబంధించినంత వరకు రైలు మార్గం ఏరు లాంటిది. వంతెన ఉన్నచోటే దాటగలం. ఒడ్డున ఎన్ని వీధులున్నా అందరూ ఆ కొద్దిపాటి వంతెనల దగ్గరికే చేరాలి. కైతలాపూర్ దగ్గర పట్టాల మీద కొత్త వంతెన తెరుచుకున్నది 2022 జూన్‌లో. అంటే సైబర్ టవర్స్ వచ్చిన ఇరవై మూడేళ్లకు పైగా గడిచాక.

పట్టాలది సగం కథ. మిగతా సగం వీధులది. గోదావరి డెల్టాలో నీరు ఎలా పారుతుందో గుర్తు తెచ్చుకోండి. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువకు, పిల్ల కాలువ నుంచి బోదెకు, బోదె నుంచి మడికి. మడి పక్కన మడికి నీరు పెట్టడానికి ఎవరూ పెద్ద కాలువ దాకా వెళ్లరు. ఊరి వీధులూ అలాగే ఉండాలి. కానీ కూకట్‌పల్లి చుట్టూ ఒక్కో లేఅవుట్ ఒక్కో చేను హద్దు వరకే పడింది. చేను యజమాని వేరు, వేసిన ఏడు వేరు. ఒక వెంచర్ రోడ్డు పక్క వెంచర్ ప్రహరీ దగ్గర ఆగిపోతుంది. పిల్ల కాలువలు ఒకదానితో ఒకటి కలవవు. గోడ అవతలి కాలనీలో చుట్టాలింటికి పోవాలన్నా తిరిగి బొంబాయి హైవే ఎక్కాల్సిందే. పుణె నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి అదే. దాని మీద సరుకు లారీ, ఊరెళ్లే బస్సు, ఆఫీసుకెళ్లే కారు, పాల ప్యాకెట్ కోసం బయల్దేరిన స్కూటరు ఒకే వరసలో నిలబడతాయి.

దీనికి మనం వెతుక్కునే మందు ఫ్లైఓవర్. బాలానగర్ కూడలి మీద 2021లో వచ్చిన ఫ్లైఓవర్ ఆ కూడలికి ఊపిరినిచ్చిన మాట నిజం. అయితే ఇరుకు కాలువలో ఒక గట్టు తీసేస్తే నీరు తర్వాతి గట్టు దగ్గర నిలుస్తుంది. పైగా దారి సులువైందని తెలిసిన కొద్దీ కొత్త బళ్లు బయల్దేరతాయి. ఇదివరకు బస్సెక్కిన వాళ్లు కారు తీస్తారు, పొద్దున్నే వెళ్లే వాళ్లు ఆలస్యంగా కదులుతారు, ఇంకా దూరాన ఇల్లు కొనడానికి ఇంకొందరికి ధైర్యం వస్తుంది. కొన్నేళ్లలో ఖాళీ నిండిపోతుంది. రోడ్డు వెడల్పు చేసిన చాలా నగరాల్లో రవాణా నిపుణులు గమనించిన విషయమే ఇది. వీధులు వీధులతో కలిస్తే మాత్రం ఫలితం మరోలా ఉంటుంది. చిన్న ప్రయాణాలు హైవే దిగిపోతాయి, పెద్ద ప్రయాణాలకు చోటు మిగులుతుంది.

ఎవరూ గీయని నడిబొడ్డు

కేపీహెచ్‌బీని నగర కేంద్రంగా ఎవరూ ఊహించలేదు. 1960లలో ఈ చుట్టుపక్కలకు వచ్చినవి ఫ్యాక్టరీలు. బాలానగర్‌లో సోవియట్ సాయంతో ఐడీపీఎల్ మందుల కర్మాగారం, హెచ్‌ఏఎల్, కూకట్‌పల్లిలో పేలుడు పదార్థాలు చేసే ఐడీఎల్. సనత్‌నగర్‌లో ఆల్విన్ అంతకు ముందు నుంచే ఉంది. 1972లో జేఎన్‌టీయూ ఏర్పడింది. 1980లలో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు ఇక్కడ ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అంటూ ఆదాయాన్ని బట్టి ఇళ్లు కట్టించింది. ఉద్యోగి పొద్దున్నే బస్సెక్కి పోతాడు, సాయంత్రం వచ్చి నిద్రపోతాడు. ఆ లెక్క మీదే రోడ్లు వేశారు, గొట్టాలు పరిచారు, పార్కులు వదిలారు. ఆ లెక్కకు అది చక్కటి కాలనీయే. నంబర్లు వేసిన రోడ్లు, మలుపు మలుపుకీ కాస్త ఖాళీ జాగా.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక లెక్క మారింది. హైటెక్ సిటీకి దగ్గరగా, అద్దె అందుబాటులో, అన్ని వైపులా బస్సు దొరికే చోటు కావలసి వచ్చింది. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి, కర్నూలు నుంచి వచ్చిన కుర్రవాళ్లు ఇక్కడ దిగారు. వాళ్ల కోసం హాస్టళ్లు, హాస్టళ్ల కోసం కర్రీ పాయింట్లు, శిక్షణ కేంద్రాలు, సెల్‌ఫోన్ దుకాణాలు, బట్టల షోరూములు, ట్రావెల్స్ ఆఫీసులు వచ్చాయి. సంక్రాంతి ముందు రాత్రుళ్లు కేపీహెచ్‌బీ రోడ్డు పక్కన సంచులతో నిలబడ్డ జనాన్ని చూస్తే, ఒక రాష్ట్రం సగం ఇక్కడే బస్సెక్కుతోందా అనిపిస్తుంది. 2001 జనాభా లెక్కల నాటికే కూకట్‌పల్లి మునిసిపాలిటీలో దాదాపు 2.9 లక్షల మంది ఉన్నారు. 2007 ఏప్రిల్‌లో అది జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోల్ దాకా మెట్రో నడిచింది.

ఊరికి నడిబొడ్డు అంటే ఏమిటి? ఎత్తైన భవనాలు ఉన్నచోటు అనుకుంటాం. ప్రణాళిక చేసేవాళ్లు చూసేది వేరు. ఒక మనిషి ఒక్కసారి బస్సు దిగి ఎన్ని పనులు చక్కబెట్టుకోగలడు? చెప్పులు కుట్టించుకుని, ఫీజు కట్టి, కళ్లద్దాలు చూపించుకుని, కూరగాయలు కొని, స్నేహితుణ్ని కలిసి ఇంటికి పోగలిగితే అది నడిబొడ్డు. ఆ కొలతకు కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ, జేఎన్‌టీయూ మధ్య హైవే ముక్కను మించినవి ఈ నగరంలో తక్కువ. హైటెక్ సిటీలో అద్దాల భవనాలున్నాయి. రాత్రి పదకొండుకు ఇడ్లీ తినడానికి వాటిలోంచి జనం వచ్చేది ఇటే.

ఇల్లు పెరిగింది, గొట్టం పెరగలేదు

అసలు ఇబ్బంది ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఒక్క ఇంటిని చూస్తే చాలు. హౌసింగ్ బోర్డు ఇంట్లో అయిదుగురున్నారనుకుందాం. తాగునీటి పథకాలు రూపొందించేటప్పుడు మురుగు గొట్టాలున్న నగరాల్లో మనిషికి రోజుకు కనీసం 135 లీటర్లు లెక్కవేస్తారు. అయిదుగురికి 675 లీటర్లు. అదే స్థలంలో పాత ఇల్లు పడగొట్టి అయిదంతస్తుల హాస్టల్ వేశారు. అంతస్తుకు పన్నెండు మంది చొప్పున అరవై మంది. 8,100 లీటర్లు. స్థలం మారలేదు, వీధి వెడల్పు మారలేదు, నీటి వాడకం పన్నెండు రెట్లయింది. వాడిన నీటిలో అయిదింట నాలుగు వంతులు మురుగ్గా బయటికి వస్తుంది.

ఆ మురుగు గొట్టంలో ఎలా కదులుతుంది? దాన్ని మోటారేదీ తోయదు. వాలే దాన్ని లాగుతుంది. గొట్టంలో సగానికి కాస్త పైగా నీరుండి, పైన గాలి ఆడుతూ, అడుగున మట్టి పేరుకోకుండా ఒక వేగంతో పారాలి. ఇళ్ల కాలంలో అలాగే పారింది. హాస్టళ్లొచ్చాక ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య అరవై మందీ ఒకేసారి స్నానాలు చేస్తారు. గొట్టం నిండుతుంది. నిండిన గొట్టంలో వేగం తగ్గిన చోట నూనె జిడ్డు, అన్నం మెతుకులు, ఇసుక అడుగున కూర్చుంటాయి. మర్నాటికి గొట్టం ఇంకాస్త సన్నబడుతుంది. ఇలా కొన్ని నెలలు జరిగాక ఒక ఉదయం వీధి మొగలో మ్యాన్‌హోల్ మూత లేస్తుంది. వాన చుక్క లేకపోయినా డ్రైనేజీ పొంగడానికి కారణం ఇదే.

ఇక్కడ గొట్టాల శాస్త్రంలో ఒక మంచి విశేషం ఉంది. అదే వాలులో గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేస్తే, మోసే నీరు రెట్టింపు కాదు. దాదాపు ఆరు రెట్లవుతుంది. చుట్టుగోడ రాపిడి నీటిని వెనక్కి పట్టి లాగుతుంది, గొట్టం పెద్దదయ్యే కొద్దీ లోపలి జాగా పెరగడంతో పాటు ఆ రాపిడి తగిలే నీటి వాటా తగ్గుతుంది. కాబట్టి పన్నెండు రెట్ల జనానికి పన్నెండు గొట్టాలు అక్కర్లేదు. ఖర్చంతా గొట్టంలో కన్నా రోడ్డు తవ్వి పూడ్చడంలో ఉంటుంది. ఒకసారి తవ్వినప్పుడే మురుగు, వాన నీరు, తాగునీరు, కరెంటు కేబుల్, ఫోన్ తీగ వేటి అర వాటికి ఏర్పరిస్తే మళ్లీ పాతికేళ్లు ఆ వీధి జోలికి పోనవసరం రాదు. మనం చూస్తున్నది తారు వేసిన మూడో నెలలో ఒక శాఖ, ఆరో నెలలో ఇంకో శాఖ తవ్వడం. నన్నడిగితే కూకట్‌పల్లి వీధుల్లో మొదటి సంస్కరణ ఇదే కావాలి. ఇందులో రిబ్బను కత్తిరించడానికి పైకి కనిపించేది ఏమీ ఉండదు.

బాక్స్: ఎన్ని అంతస్తులు వేయొచ్చో ఎవరు చెబుతారు?

చాలా భారతీయ నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలన్న పరిమితి ఉంటుంది. దాన్ని ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. వంద గజాల స్థలం, ఎఫ్‌ఎస్‌ఐ రెండు అయితే అన్ని అంతస్తులూ కలిపి రెండు వందల గజాలు. హైదరాబాద్‌లో 2006లో వచ్చిన జీవో 86 ఆ పరిమితిని తీసేసింది, 2012 నాటి జీవో 168 అదే దారిలో సాగింది. ఇక్కడ ఎత్తును నిర్ణయించేవి రెండు: ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ. ఎత్తు పెరిగే కొద్దీ ఖాళీ ఎక్కువ వదలాలి. అందుకే చిన్న స్థలం కొంత ఎత్తు దాటి లేవలేదు. నాలుగు చిన్న స్థలాలు కలిపితే ఆకాశమే హద్దు. బిల్డర్లు పక్కపక్క ఇళ్ల యజమానులను కూర్చోబెట్టి మాట్లాడేది ఇందుకే. ఈ పద్ధతిలో ఇళ్ల ధరలు అదుపులో ఉంటాయన్న వాదన ఉంది, అందులో నిజం లేకపోలేదు. లోపం ఒకటే. భవనం తన ముందున్న రోడ్డును అడుగుతుంది కానీ రోడ్డు కింది గొట్టాన్ని అడగదు.

వాన నీటి జ్ఞాపకం

మురుగు గొట్టం 1980ల నాటిది. వాన నీటి దారి అంతకు కొన్ని వందల ఏళ్ల ముందుది. దక్కన్ పీఠభూమిలో చెరువులు ఒంటరిగా ఉండవు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. రంగధాముని చెరువు (ఐడీఎల్ చెరువన్నా ఇదే), నల్లచెరువు, కాముని చెరువు అన్నీ ఇలాంటి గొలుసుల్లోవే. ఆ నీళ్లన్నీ కూకట్‌పల్లి నాలాలోకి దిగి, 1560లలో తవ్విన హుస్సేన్‌సాగర్‌కు చేరాలి. సాగర్‌కు నీరు తెచ్చే నాలుగు ప్రధాన నాలాల్లో ఇదొకటి.

గొలుసు చెరువు చేసే పని నీరు దాచడం ఒక్కటే కాదు. కుండపోతగా అరగంటలో పడ్డ వానను పట్టి, అయిదారు గంటల మీద మెల్లగా వదులుతుంది. చెరువు పూడితే ఆ అరగంట వాన అరగంటలోనే నాలాకు చేరుతుంది. పైన తారు, సిమెంటు, టైల్సు పరిచాం కాబట్టి నేల తాగేదీ తగ్గింది. నాలా వెడల్పు ఇళ్లు ఆనుకుని సగమైంది. ఇంకా ఒక చిక్కుంది. నిండిన మురుగు గొట్టాలు ఈ నాలాలోకే పొంగుతాయి. అందుకే వాన పడిన రోజు రోడ్డు మీద నిలిచేది వాన నీరు ఒక్కటే కాదు.

నాలా దారిలో ఫతేనగర్ దగ్గర రోజుకు 13.3 కోట్ల లీటర్ల మురుగు శుద్ధి చేసే కేంద్రం తలపెట్టడం సరైన పని. కబ్జాలు తొలగించడానికి 2024 జులైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా ఆ సెప్టెంబరులోనే కూకట్‌పల్లి నల్లచెరువు మీద పడింది. నీటి హద్దులోని షెడ్లు పడగొట్టి, తర్వాత చెరువు పూడిక తీసి బాగుచేసింది. చెరువు తిరిగి చెరువైనందుకు సంతోషించాలి. ఆ షెడ్లు అద్దెకు తీసుకుని చిన్న వ్యాపారాలు చేసుకుంటున్న వాళ్లు ఆ రోజు రోడ్డు మీద ఏడ్చిన సంగతినీ మరవకూడదు. స్థలం కబ్జా చేసింది వాళ్లు కాదు.

దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో చొంగ్యేచొన్ అనే వాగును కప్పేసి, దాని మీద ఎత్తైన రహదారి వేశారు. 2003లో ఆ రహదారిని కూల్చడం మొదలుపెట్టి 2005కల్లా దాదాపు 5.8 కిలోమీటర్ల వాగును బయటపెట్టారు. ఇప్పుడు నగరం నడిమధ్య జనం సాయంత్రాలు నడిచేది దాని ఒడ్డునే. మన నాలాలకు ఈ ఉదాహరణ చెప్పేటప్పుడు ఒక సంగతి చాలామంది వదిలేస్తారు. ఆ వాగులో పారేది చాలావరకు హాన్ నది నుంచి పంపులతో తోడి పోసిన నీరు. అదీగాక మురుగును వేరే గొట్టాలకు మళ్లించాకే వాగును తెరిచారు. మురుగు ఆపకుండా నాలా ఒడ్డున పూలమొక్కలు పెడితే అక్కడ ఎవరూ నడవరు.

పత్తర్‌గట్టి చెప్పే వరస

కిక్కిరిసిన చోటును బాగుచేయడం మన నగరానికి ఇది మొదటిసారి కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేల ప్రాణాలు తీసింది. మూడేళ్లకు ప్లేగు వచ్చింది. 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును పెట్టి, ఇరుకు బస్తీలను విడదీసి రోడ్లు వెడల్పు చేసి కొత్త ఇళ్లు కట్టించింది. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి రాతి కమానుల వరస ఆ కాలపుదే. కింద దుకాణాలు, పైన నివాసాలు, నడిచేవాళ్లకు కమానుల నీడ.

ఆ పనులు ఏ వరసలో జరిగాయో చూడండి. వరద తర్వాత ముందు విశ్వేశ్వరయ్యను పిలిచి మూసీ వరదను ఆపే జలాశయాలకు, నగర డ్రైనేజీకి పథకం వేయించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నేల కింది పని, నేల మీది వీధి, ఆపైన భవనం. 1960లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు ఆ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వంశంలోదే. అంటే పత్తర్‌గట్టిని కట్టిన సంస్థకు వారసులే కేపీహెచ్‌బీని కట్టారు.

బోర్డు పనిలో అన్నీ మెచ్చుకోదగ్గవి కావు. బస్తీలు పోయినచోట పాత ఇరుగుపొరుగులూ పోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1914లో, స్కాట్లాండ్ నుంచి పాట్రిక్ గెడెస్ అనే ప్రణాళికావేత్త భారతదేశం వచ్చి పట్టణం తర్వాత పట్టణం కాలినడకన తిరిగాడు. పాత బజారు మీద నిలువునా పెద్ద రోడ్డు గీయడాన్ని అతను వ్యతిరేకించాడు. పడిపోయే ఇల్లు ఒకటి తీసి చిన్న ముంగిలి చేయండి, మూసుకుపోయిన సందు చివర గోడ పగలగొట్టి పక్క వీధితో కలపండి, పూడిన చెరువు తవ్వండి, మిగతాది ముట్టుకోకండి అన్నది అతని పద్ధతి. మంచి వైద్యుడు వేలి పుండుకు చెయ్యి తీసేయడు కదా. కేపీహెచ్‌బీకి సరిపోయే వైద్యం ఇదేనని నా నమ్మకం. ఇక్కడ కూల్చి కట్టాల్సిన బస్తీ లేదు. తెరవాల్సిన గోడలు, కలపాల్సిన సందులు, మార్చాల్సిన గొట్టాలు ఉన్నాయి.

ఇలాంటి చిన్న మరమ్మతులు ఎంత అవసరమో మెట్రో స్టేషన్ మెట్ల కింద కళ్లారా చూడొచ్చు. మూడు పెట్టెల రైలులో సుమారు వెయ్యి మంది పడతారు. అందులో రెండు వందల మంది కేపీహెచ్‌బీలో దిగినా, నాలుగైదు నిమిషాలకోసారి ఒక పెళ్లి జనం మెట్లు దిగినట్టే. దిగగానే వాళ్ల ముందు పార్క్ చేసిన బైకులు, ట్రాన్స్‌ఫార్మర్, పలక లేచిన ఫుట్‌పాత్, షేర్ ఆటోలు. స్టేషన్ నుంచి 500 మీటర్లంటే ఏడు నిమిషాల నడక. ఆ ఏడు నిమిషాలు నీడలో, సమంగా ఉన్న నేల మీద సాగితే మనిషి మెట్రో ఎక్కుతాడు. లేకపోతే బండి తీస్తాడు. కోట్ల రూపాయల రైలు నిండుతుందా లేదా అన్నది చివరికి ఆ అర కిలోమీటరు తేలుస్తుంది.

బాక్స్: అన్నదమ్ముల పంపకం

ఇళ్లున్న చోట కొత్త వీధి ఎలా వస్తుంది? భూసేకరణ ఒక దారి. వీధి ఎవరి స్థలం మీదుగా పోతే వాళ్లు నష్టపోతారు, పక్కవాళ్ల స్థలం ధర పెరుగుతుంది. ఇంకో దారి ఉమ్మడి ఆస్తిని తిరగపంచుకోవడం. స్థలాలన్నీ కాగితం మీద కలిపి, వీధికి, పార్కుకు కొంత తీసి, మిగిలింది ఎవరి వాటా ప్రకారం వాళ్లకు చక్కటి ఆకారంలో తిరిగి ఇస్తారు. అందరికీ గజాలు కొన్ని తగ్గుతాయి, మిగిలిన గజాల విలువ పెరుగుతుంది. 1923 భూకంపం తర్వాత టోక్యోను ఇలాగే తిరిగి కట్టారు. అహ్మదాబాద్‌లో టౌన్ ప్లానింగ్ స్కీములు ఇదే సూత్రం మీద దశాబ్దాలుగా నడుస్తున్నాయి. 2015లో అమరావతిలో పొలాల మీద జరిగిన భూసమీకరణదీ ఇదే మూలం. పొలంలో ఇది తేలిక, ఇళ్ల మధ్య కష్టం. కాబట్టి నడిబొడ్డులో ఒక్కో వీధి మొగనుంచి మెల్లగా చేయాలి. హైదరాబాద్‌లో దీనికి దగ్గరగా ఉన్న పనిముట్టు టీడీఆర్. రోడ్డుకు స్థలం ఇచ్చిన వాళ్లకు డబ్బుకు బదులు, మరోచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం ఇస్తారు. దాన్ని అమ్ముకోవచ్చు.

డెబ్బై కోట్ల ఎకరం

ఇంత పనికి డబ్బెక్కడిది? 2025 ఆగస్టులో కేపీహెచ్‌బీలో దాదాపు 7.8 ఎకరాలను తెలంగాణ హౌసింగ్ బోర్డు వేలం వేస్తే ఎకరం 70 కోట్లకు గోద్రెజ్ ప్రాపర్టీస్ దక్కించుకుంది. మొత్తం 547 కోట్లు. ఆ ధర ఆ మట్టిలో పుట్టింది కాదు. పక్కన మెట్రో వేసింది, హైవే వెడల్పు చేసింది, మంజీరా, గోదావరి నీళ్లు తెచ్చింది ప్రజల డబ్బు. నలభై ఏళ్లుగా అక్కడ టిఫిన్ సెంటర్లు, ట్యూషన్లు, హాస్టళ్లు నడిపి ఆ చోటుకు రాకపోకలు తెచ్చింది మామూలు మనుషులు. అలా పెరిగిన విలువలో ఒక భాగాన్ని తిరిగి ఆ వీధుల కిందికే పంపడం ప్రణాళికలో పాత సూత్రం. వేలం డబ్బు రాష్ట్ర ఖజానాలో కలిసిపోతే కేపీహెచ్‌బీ మ్యాన్‌హోల్‌కు దాని సంగతి తెలియదు. కొంత వాటాను అదే ప్రాంతానికి కట్టుబడేలా నియమం పెడితే తెలుస్తుంది.

విలువ పెరగడంలో మరో ముఖం ఉంది. అమెరికాలో జేన్ జేకబ్స్ 1961లోనే ఒక విషయం వివరంగా రాసింది. కొత్త భవనం అప్పు తీర్చాలి కాబట్టి దాని అద్దె ఎక్కువ, ఆ అద్దె కట్టగలిగేది పెద్ద షోరూము, బ్యాంకు. పాత భవనం అప్పు తీరిపోయి ఉంటుంది. అందులో బ్లౌజులు కుట్టే ఆమె, ల్యాప్‌టాప్ బాగుచేసే కుర్రాడు, తొలి ఉద్యోగం వెతుక్కుంటున్న ముగ్గురు స్నేహితులు ఇమడగలరు. పాత ఎల్‌ఐజీ ఇళ్లన్నీ ఒకేసారి టవర్లయితే నడిబొడ్డులో సగం పనులు మాయమవుతాయి. హాస్టల్ కుర్రాడు బాచుపల్లి దాటి పోతాడు, రోజూ తిరిగొచ్చి అదే హైవే మీద నిలబడతాడు.

వీధి వ్యాపారుల విషయంలో చట్టమే దారి చూపింది. 2014 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఒక ప్రాంత జనాభాలో 2.5 శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు చూపాలి. ఎక్కడ అమ్మాలో నిర్ణయించే కమిటీలో కనీసం 40 శాతం వాళ్లే ఉండాలి. టిఫిన్ బండి ఫుట్‌పాత్‌కు అడ్డమని తొలగిస్తే వారంలో మళ్లీ వస్తుంది. ఆ బండి దగ్గర తినేవాడు ఎక్కడికీ పోలేదు కదా. వీధి గీసేటప్పుడే బండికి నాలుగడుగుల అర, కొళాయి, చెత్త డబ్బా గీస్తే నడిచేవాడికీ చోటు దక్కుతుంది.

గోడల వెనక మిగిలిన నేల

కూకట్‌పల్లికి ఇంకో అవకాశం ఉంది, అది ఫ్యాక్టరీల ప్రహరీల వెనక ఉంది. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామికవాడల భూములను ఇళ్లకు, ఆఫీసులకు మార్చుకోవడానికి వీలిచ్చే విధానాన్ని తెచ్చింది. మొత్తం తొమ్మిది వేలకు పైగా ఎకరాలు. కూకట్‌పల్లి, బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల అందులోవే. ఒకప్పుడు పరిశ్రమ కోసం తక్కువకు ఇచ్చిన భూమి ఎవరికి ఎంత లాభం తెచ్చిపెడుతుందన్న దాని మీద రాజకీయంగా పెద్ద గొడవే జరిగింది. ఆ గొడవ అవసరమైనదే. నాకు అంతకన్నా ముందు అడగాలనిపించే ప్రశ్న వేరు. ఆ గోడలు పడే రోజున లోపలికి వీధులు ఎవరు గీస్తారు?

ప్లాటు ప్లాటుకూ విడిగా అనుమతి ఇస్తూ పోతే చేను చేనుకూ వెంచర్ వేసిన కథే మళ్లీ జరుగుతుంది. ఈసారి ప్రహరీ వెనక ముప్పై అంతస్తులుంటాయి. దానికి బదులు వీధుల పటం ముందు గీసి, గొట్టాల కొలతలు ముప్పై అంతస్తులకు తగినట్టు నిర్ణయించి, చెరువు నీటి దారులు వదిలి, మిగిలిన ముక్కల్లోనే కట్టుకోమనొచ్చు. హైవేకూ రైలు పట్టాలకూ మధ్య ఉన్న ఆ నేలలో ఒక్కటి చెట్ల నీడ ఉన్న వీధి అడ్డంగా వేసినా, ఇటు మెట్రో స్టేషన్ నుంచి అటు బోరబండ ఎంఎంటీఎస్ స్టేషన్ దాకా మనిషి హైవే ఎక్కకుండా నడిచో, సైకిల్ మీదో చేరతాడు. అక్కడ ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీయే. పదహారు స్టేషన్ల ప్రయాణం ఒక నడక, ఒక స్టేషన్ అవుతుంది. ఆ వీధికి కావలసిన నేల ఇవాళ్టికి షెడ్ల మధ్య గడ్డి మొలిచి ఖాళీగానే ఉంది.